181కి ఫోన్ చేస్తే ఏమవుతుంది?

(తెర మీద: వంటగది. బియ్యం డబ్బాలోకి మోచేతి దాకా వెళ్లిన చేయి.)

బియ్యం డబ్బా అడుగున ఒక ప్లాస్టిక్ కవర్. అందులో ఆధార్ కార్డులు, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, పాస్‌బుక్, నాలుగైదు వంద నోట్లు. ఇంట్లో దెబ్బలు భరిస్తూ ఇలాంటి కవర్ దాచుకున్న అక్కలు ఈ వీడియో చూస్తుంటే, ఈ మాటలు మీ కోసమే. కవర్ సిద్ధంగానే ఉంటుంది. అడుగు మాత్రం ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోతుంది: "పిల్లల్ని వేసుకుని ఎక్కడికి వెళ్లను?"

వెళ్లడానికి చోటు ఉంది. దాని పేరు సఖి కేంద్రం. నిర్భయ నిధితో 2015లో మొదలైన వన్ స్టాప్ సెంటర్లు ఇవే. ఆంధ్రలో దిశ సెంటర్ అనే పేరు కూడా విని ఉంటారు.

(తెర మీద పెద్ద అంకెలు: 181)

181 అంటే మహిళల హెల్ప్‌లైన్. రాత్రి రెండు గంటలకైనా చేయొచ్చు. మీ దగ్గర్లోని సఖి కేంద్రానికి వాళ్లే కలుపుతారు. భర్త తలుపు బాదుతున్నాడు, ప్రాణానికే ప్రమాదం అనిపిస్తే మాత్రం నేరుగా అత్యవసర నంబర్ 112. మాట్లాడాక కాల్ లిస్టులో ఆ నంబర్ తీసేయండి. ఫోన్ అతని చేతికి వెళ్లే ఇళ్లలో ఇది చాలా ముఖ్యం.

సఖికి వెళ్లాలంటే ముందు పోలీస్ కేసు పెట్టి ఉండాలని చాలామంది అనుకుంటారు. అవసరం లేదు. దెబ్బలుంటే ఆస్పత్రిలో చూపిస్తారు, లాయర్‌తో, పోలీసులతో మాట్లాడిస్తారు. ఐదు రోజుల వరకు అక్కడే ఉండొచ్చు. కూతుళ్లను వెంట ఉంచుకోవచ్చు. కొడుకుల విషయంలో వయసు పరిమితి ఉంటుంది కాబట్టి బాబు వయసు ఫోన్‌లోనే చెప్పి అడగండి. గుమ్మం దాకా వెళ్లాక ఆ మాట వింటే తల్లి గుండె ఆగిపోతుంది.

ఐదు రోజుల తర్వాత? ఇంకా ఎక్కువ రోజులు ఉండాల్సి వస్తే శక్తి సదన్‌లు ఉన్నాయి. ఇదివరకు స్వధార్ గృహాలు అనేవారు.

కౌన్సెలింగ్ గురించి ఒక మాట చెప్పాలి. "పిల్లల కోసమైనా సర్దుకుపోమ్మా" అని అక్కడ కూడా ఎవరైనా అనొచ్చు. మీకు ఇష్టం లేకపోతే వద్దని చెప్పండి. రాజీ కాగితం మీద సంతకం పెట్టి తీరాలని ఏ చట్టంలోనూ లేదు. పిల్లలు అన్నీ చూస్తూనే ఉంటారు, బైక్ చప్పుడు వినగానే పుస్తకం మూసేసి మూలకు వెళ్లే పిల్లాడికి ఆ ఇంట్లో ఏ మేలు జరుగుతోందని?

ఇక చట్టం. 2005 గృహహింస చట్టం కింద భర్తను జైలుకు పంపకుండానే రక్షణ అడగొచ్చు. కొట్టొద్దని, దగ్గరికి రావద్దని ఆర్డర్, పిల్లల కస్టడీ, నెలనెలా ఖర్చులు, అన్నీ ఒకే పిటిషన్‌లో. ఇల్లు అతని పేరు మీదో, అత్తగారి పేరు మీదో ఉన్నా సరే, మీరు కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు మీకుంది. ఇల్లు దాటి వచ్చేశారా? పుట్టింట్లోనో, హాస్టల్‌లోనో ఇప్పుడు ఎక్కడుంటే అక్కడి కోర్టులోనే వేయొచ్చు, మళ్లీ అతని ఊరు వెళ్లక్కర్లేదు. కోర్టు రక్షణ ఆర్డర్ ఇచ్చాక అతను దాన్ని దాటితే ఏడాది దాకా జైలు.

లాయర్ ఫీజు టెన్షన్ వద్దు. ఆదాయం ఎంతున్నా ఆడవాళ్లకు ప్రభుత్వ న్యాయ సహాయం ఉచితం. నంబర్ 15100.

(తెర మీద: రెండిళ్ల మధ్య గోడ.)

గోడకు ఇవతల ఉన్నవాళ్లు కూడా ఈ వీడియో చూస్తున్నారు. "మనకెందుకులే, రేపు మన మీదే కేసు పెడతారు" అని ఆగిపోకండి. గృహహింస చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం, మంచి ఉద్దేశంతో రక్షణ అధికారికి (ఈ చట్టం కింద ప్రభుత్వం నియమించే ప్రొటెక్షన్ ఆఫీసర్) సమాచారం ఇచ్చినవాళ్ల మీద ఏ కేసూ నిలవదు. ఆమె చేతిలో ఫోన్ లేకపోవచ్చు. మీ చేతిలో ఉంది.