కార్నెగీ పుస్తకాలిచ్చాడు, తీరిక ఇవ్వలేదు
(గ్రంథాలయ వారోత్సవాల సభలో ప్రసంగ పాఠం)

అధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకు, గ్రంథాలయ సిబ్బందికి, చదువుతున్న పోటీ పరీక్షల పుస్తకాలు పక్కన పెట్టి వచ్చిన పిల్లలకు నమస్కారం. నాకిచ్చిన అంశం అమెరికా పారిశ్రామిక ప్రగతి. నాకంటే ముందు మాట్లాడిన మిత్రులు అమెరికా ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ దాతృత్వం గురించి చెప్పారు. నేనూ ఆయన దగ్గరే మొదలుపెడతాను.

కార్నెగీ తండ్రి స్కాట్లాండ్‌లో చేనేత కార్మికుడు. ఆవిరి మగ్గాలొచ్చి ఆయన పని పోయింది. 1848లో అప్పు చేసి కుటుంబమంతా అమెరికాకు ఓడెక్కారు. పన్నెండేళ్ల ఆండ్రూ పిట్స్‌బర్గ్ పక్కన ఒక నూలు మిల్లులో కండెలు అందించే పనికి కుదిరాడు. జీతం వారానికి 1 డాలరు 20 సెంట్లు. ఆ ఊళ్లో కల్నల్ ఆండర్సన్ అనే పెద్దమనిషి తన సొంత పుస్తకాలను శనివారాల్లో పనిపిల్లలకు ఇచ్చేవారు. కార్నెగీ చదువు అక్కడిదే. ఆ రుణం తీర్చుకోవడానికే తర్వాత ఒక్క అమెరికాలోనే 1,600కు పైగా గ్రంథాలయాలు కట్టించాడు. ఈ కథ మనందరికీ తెలుసు. తెలియని కథ ఇంకొకటుంది.

అంతకుముందు రెండు మాటలు. 1865లో అంతర్యుద్ధం ముగిసింది. 1869లో తూర్పు, పడమర రైలు మార్గాలు కలిశాయి. పట్టాలకు ఉక్కు కావాలి. కరిగిన ఇనుములోకి గాలి ఊది ఉక్కు చేసే బెస్సెమర్ పద్ధతితో కార్నెగీ ఉక్కు చవకగా తీశాడు. 1870ల మొదట్లో టన్ను వంద డాలర్లు దాటిన ఉక్కు పట్టా ధర 1898 నాటికి ఇరవై లోపుకి దిగింది. 1900 నాటికి అమెరికా ఉక్కు ఉత్పత్తి బ్రిటన్ ఉత్పత్తికి రెట్టింపు. చమురులో రాక్‌ఫెల్లర్ గురించి కూడా చెప్పాలనుకున్నాను, సమయం చాలదు. హోమ్‌స్టెడ్ చెప్పకుండా మాత్రం ఈ మైకు వదలను.

హోమ్‌స్టెడ్ మొనొంగహీలా నది ఒడ్డున కార్నెగీ ఉక్కు మిల్లు ఉన్న ఊరు. కార్మికులు సంఘం పెట్టుకునే హక్కు పవిత్రమైనదని 1886లో స్వయంగా రాసిన మనిషి కార్నెగీ. ఆరేళ్లు తిరిగాయి. 1892లో కూలి ఒప్పందం గడువు ముగిసే వేళకు ఆయన స్కాట్లాండ్‌లో ఉన్నాడు. మిల్లు ఆయన తరఫున కంపెనీ నడిపే హెన్రీ ఫ్రిక్ చేతిలో ఉంది. ఫ్రిక్ మిల్లు చుట్టూ ఎత్తైన కంచె కట్టించి, పైన ముళ్లతీగ చుట్టించాడు. కార్మికుల్ని గేటు బయట నిలబెట్టాడు. జులై 6 తెల్లవారుజామున ఫ్రిక్ కిరాయికి పిలిపించిన పింకర్టన్ అనే ప్రైవేటు కాపలా సంస్థ సాయుధులు 300 మంది రెండు పడవల్లో నది మీద వచ్చారు. ఊరు ఊరంతా, ఆడవాళ్లతో సహా, ఒడ్డుకు పరుగెత్తింది. రోజంతా కాల్పులు. రెండు వైపులా కలిపి కనీసం పదిమంది చనిపోయారు. తర్వాత గవర్నరు వేలమంది సైనికుల్ని దింపాడు. నవంబరుకి సమ్మె విరిగిపోయింది, సంఘమూ పోయింది.

ఆ తర్వాత రోజుకు పన్నెండు గంటల పని. రెండు వారాలకొకసారి పగటి షిఫ్టు, రాత్రి షిఫ్టు మారేటప్పుడు వరసగా ఇరవైనాలుగు గంటలు. కొలిమి ముందు! అమ్మా, వెనక కూర్చున్న తల్లీ, మీ ఇంట్లో షిఫ్టు డ్యూటీ చేసేవాళ్లుంటే మీకు తెలుస్తుంది, ఆ మనిషి ఇంటికొచ్చి ఏం చేస్తాడో.

1898లో అదే హోమ్‌స్టెడ్ కార్మికుల కోసం కార్నెగీ గ్రంథాలయం తెరిచాడు. సంగీత మందిరం, ఈతకొలను కూడా ఉన్నాయి. చక్కటి భవనం, ఇప్పటికీ ఉంది. ఆయన మనసులో పుస్తకం మీద ప్రేమ లేదని నేననను, ఉంది. కానీ పన్నెండు గంటలు ఇనుము మోసినవాడు ఏ వేళకు వచ్చి చదవాలి? 1901లో ఆయన కంపెనీని 48 కోట్ల డాలర్లకు అమ్మేశాడు. పన్నెండు గంటల పని పోవడానికి మాత్రం 1923 దాకా పట్టింది. ఆ మిల్లుల్ని కొన్న యు.ఎస్. స్టీల్ కార్మిక సంఘాన్ని గుర్తించింది 1937లో. అమెరికా పరిశ్రమ పెరిగిందని చెప్పేటప్పుడు ఈ సంవత్సరాలు కూడా చెప్పండి. పిల్లలూ, పరీక్షలో అడగకపోయినా రాసుకోండి.

నేనిక్కడికి వచ్చిన అసలు పని ఇప్పుడు చెబుతాను. మన గ్రంథాలయాలు ఏ కోటీశ్వరుడూ దానమిచ్చినవి కావు. ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మనమే కడుతున్నాం. మార్కెట్ యార్డు హమాలీ కడుతున్నాడు, బట్టల షాపులో నిలబడే అమ్మాయి ఇంటివాళ్లు కడుతున్నారు. వాళ్ల పని అయ్యేసరికి ఇక్కడ తాళం పడుతోంది. అధ్యక్షా, దండలు, శాలువాలు తర్వాత చూద్దాం. రాత్రి తొమ్మిదిన్నర దాకా తెరిచి ఉంచాలని, అందుకు ఇంకొక మనిషిని ఇవ్వాలని జిల్లా గ్రంథాలయ సంస్థకు ఈ సభ నుంచే తీర్మానం పంపండి. ఇప్పుడే చదివి వినిపించండి, చేతులెత్తేవాళ్లు ఎత్తుతారు.