సర్వర్ మారినా రిపోర్టులు ఆగకూడదంటే: అలియాస్ పెట్టడం ఇలా

[స్క్రీన్‌పై: ఎక్సెల్ షీట్, మధ్యలో కనెక్షన్ ఎర్రర్]

మాదాపూర్‌లో ఒక ఆఫీసు అనుకోండి. సేల్స్ డేటా అంతా ఒక ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఉంది. బోలెడు ఎక్సెల్ ఫైళ్లు, రాత్రి 2 గంటలకు నడిచే జాబ్, మేనేజర్ గారి డ్యాష్‌బోర్డు అన్నీ దాని మీదే బతుకుతున్నాయి. వీకెండ్‌లో డేటాబేస్‌ని కొత్త మెషీన్‌కి మార్చారు. సోమవారం పొద్దున చూస్తే అన్నీ పాత పేరునే పట్టుకుని వేలాడుతున్నాయి. ఇప్పుడు ఒక్కో ఫైలూ తెరిచి పేరు మార్చాలా?

అక్కర్లేదు. పాత సర్వర్ పేరునే అలియాస్‌గా, అంటే మారుపేరుగా పెట్టి, కొత్త సర్వర్‌కి చూపించవచ్చు.

అలియాస్ ఉండేది సర్వర్‌లో కాదు, మీ మెషీన్‌లో. ఎండాకాలం కొండాపూర్‌లో నీళ్లకి ఫోన్ చేయాలంటే ‘ట్యాంకర్’ అని సేవ్ చేసుకున్న పేరు నొక్కుతాం. డ్రైవర్ మారితే ఆ పేరు కింద నంబర్ మారుస్తాం. కానీ అది మన ఫోన్‌లోనే మారుతుంది, ఇంట్లో మిగతావాళ్ల ఫోన్లలో పాత నంబరే ఉంటుంది. అలియాసూ అంతే, ప్రతి మెషీన్‌లో విడిగా పెట్టాలి.

[స్క్రీన్‌పై: రన్ బాక్స్, క్లికాన్ఫిగ్ స్పెల్లింగ్ పెద్దగా]

విండోస్ రన్ బాక్స్‌లో క్లికాన్ఫిగ్ (cliconfg) అని టైప్ చేయండి. చివర్లో ‘ఎఫ్’, ‘జీ’ మధ్య ‘ఐ’ ఉండదు, చూసుకోండి. అడ్మిన్ హక్కులు కావాలి. అలియాస్ ట్యాబ్‌లో యాడ్ నొక్కి, టీసీపీ ఐపీ ఎంచుకుని, పైన అలియాస్ పేరు, కింద అసలు సర్వర్ పేరు ఇవ్వండి. పోర్ట్‌ని, అంటే సర్వర్ కనెక్షన్లు తీసుకునే ద్వారాన్ని, డైనమిక్‌గా వదిలేయకుండా నంబరే ఇవ్వండి. మెషీన్ పేరుతోనే కనెక్ట్ అయ్యే డిఫాల్ట్ ఇన్‌స్టాన్స్‌కి మామూలుగా 1433. మెషీన్ పేరు పక్కన ఇంకో పేరు కూడా ఉండే నేమ్డ్ ఇన్‌స్టాన్స్ అయితే సర్వర్ వైపు ముందు స్థిరమైన పోర్ట్ పెట్టించండి, లేదంటే రీస్టార్ట్ అయినప్పుడు అది మారిపోవచ్చు.

ఇక అందరూ తడబడే చోటు. ఈ టూల్ రెండు కాపీలు ఉంటుంది. 64-బిట్‌ది సిస్టమ్32 ఫోల్డర్‌లో, 32-బిట్‌ది సిస్‌వావ్64 ఫోల్డర్‌లో. అవును, తిరగేసినట్టే ఉంది! ఒకదాంట్లో పెట్టిన అలియాస్ రెండోదానికి కనిపించదు. మీ ఎక్సెల్ 32-బిట్, రాత్రి జాబ్ 64-బిట్ అయితే పగలు పనిచేసింది రాత్రి ఫెయిలవుతుంది. రెండింట్లోనూ పెట్టేయండి, గొడవ వదిలిపోతుంది.

ప్రోగ్రాములు డేటాబేస్‌కి కనెక్ట్ అవ్వడానికి విండోస్‌లో సేవ్ చేసే ఓడీబీసీ డేటా సోర్స్‌కీ (డీఎస్ఎన్) ఇదే తంటా, పైగా ఇంకొకటి. యూజర్ డీఎస్ఎన్ మీ లాగిన్‌కే కనిపిస్తుంది. జాబ్ సర్వీస్ అకౌంట్ అనే వేరే లాగిన్ కింద నడుస్తుంది కాబట్టి సిస్టమ్ డీఎస్ఎన్ పెట్టాలి. ఓడీబీసీ డ్రైవర్ 18కి మారాక సర్టిఫికెట్ ఎర్రర్ వస్తే అలియాస్‌ని తిట్టకండి. ఆ వెర్షన్ డిఫాల్ట్‌గా ఎన్‌క్రిప్షన్ అడుగుతుంది.

డీబీవర్ లాంటి జావాతో నడిచే డేటాబేస్ టూల్స్ ఈ అలియాస్‌ని చూడనే చూడవు. వాటికి నెట్‌వర్క్ అంతటికీ పేర్ల పుస్తకం లాంటి డీఎన్ఎస్‌లోనే పేరు పెట్టించాలి. అలియాస్‌ని పింగ్ చేసి పరీక్షించడమూ దండగే, పింగ్ ఈ అలియాస్‌ని చూడదు.

[స్క్రీన్‌పై: క్వెరీ విండో]

కనెక్ట్ అయ్యాక ‘సెలెక్ట్ ఎట్ ఎట్ సర్వర్‌నేమ్’ (SELECT @@SERVERNAME) నడపండి. అలియాస్ వెనకాల ఉన్న అసలు సర్వర్ ఏదో బయటపడుతుంది. పాత మెషీన్‌లోని డేటాబేస్‌ని మాత్రం మార్పిడి రోజే ఆఫ్‌లైన్ చేయండి. లేకపోతే మీరు మరిచిపోయిన ఏదో ఒక జాబ్ ఏ ఎర్రరూ చూపకుండా అందులోనే డేటా రాస్తూ పోతుంది.