నాలుగో డౌన్‌లో వాషింగ్టన్: డాన్ క్విన్ తొలి సీజన్

[తెరపై: అమెరికా పటం. వాషింగ్టన్ నుంచి డెట్రాయిట్ వైపు సాగుతున్న విమానం గీత.]

నమస్కారం. 2024 జనవరి నెలాఖరున వాషింగ్టన్ కమాండర్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు పెద్దలు డెట్రాయిట్‌కు విమానంలో బయలుదేరారు. అక్కడి లయన్స్ జట్టు అఫెన్స్‌ను, అంటే బంతితో ముందుకెళ్ళి పాయింట్లు చేసే విభాగాన్ని, నడిపిస్తున్న బెన్ జాన్సన్‌తో మాట్లాడాలన్నది వారి ఆలోచన. తమ కొత్త హెడ్ కోచ్ ఆయనే అవుతారని అప్పటికి అందరూ అనుకుంటున్నారు. విమానం ఇంకా గాలిలో ఉండగానే, తాను డెట్రాయిట్‌ను విడిచి రావడం లేదని జాన్సన్ కబురు పంపారు. కొద్ది రోజులకే ఆ పదవి డాన్ క్విన్‌కు దక్కింది. పెళ్ళికొడుకు రానన్న తర్వాత చూసిన రెండో సంబంధంలా ఉందని వాషింగ్టన్ అభిమానులు చాలామంది నిట్టూర్చారు. ఆ నిట్టూర్పుకు కారణం లేకపోలేదు.

[తెరపై: 28–3 అన్న అంకెలు, నెమ్మదిగా 28–34గా మారుతూ.]

2017 ఫిబ్రవరిలో జరిగిన సూపర్ బౌల్‌లో, అంటే లీగ్ విజేతను తేల్చే ఆఖరి ఆటలో, అట్లాంటా ఫాల్కన్స్ జట్టు మూడో క్వార్టర్‌లో 28–3 ఆధిక్యంలో ఉండి కూడా, అదనపు సమయంలో 34–28 తేడాతో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ చేతిలో ఓడిపోయింది. ఆ ఫాల్కన్స్ హెడ్ కోచ్ క్విన్. ఆ ఓటమి తర్వాత మూడున్నరేళ్ళు ఆయన అక్కడే కొనసాగారు గాని, 2020లో తొలి అయిదు ఆటలూ ఓడిపోవడంతో పదవి పోయింది. తర్వాత మూడు సీజన్లు డల్లాస్ కౌబాయ్స్‌లో డిఫెన్స్ కోఆర్డినేటర్‌గా, అంటే ఎదుటి జట్టును ఆపే విభాగానికి కోచ్‌గా, పనిచేశారు. అంటే వాషింగ్టన్‌కు వచ్చింది చేతికందిన గెలుపును చివర్లో జారవిడిచినవాడిగా పేరుపడ్డ మనిషి. ఈ మాట గుర్తుంచుకోండి, ఎందుకంటే మనం చెప్పుకోబోయే సీజన్ దాదాపు మొత్తం ఆటల చివరి క్షణాల మీదే నడిచింది.

ఇక ఆయన చేతికి వచ్చిన జట్టు సంగతి. 1982, 1987, 1991 సీజన్లలో జో గిబ్స్ శిక్షణలో మూడు సూపర్ బౌల్స్ గెలిచిన ఈ జట్టు, ఆ తర్వాత అప్పటివరకు ఒక్కసారి కూడా సూపర్ బౌల్‌కు ముందు మెట్టయిన కాన్ఫరెన్స్ ఫైనల్ వరకు చేరలేదు. ప్లేఆఫ్స్‌లో, అంటే సీజన్ చివర జరిగే నాకౌట్ ఆటల్లో, చివరి గెలుపు 2006 జనవరిలో వచ్చింది. మూలవాసులను కించపరిచేదిగా ఉందని ఏళ్ళ తరబడి విమర్శలు ఎదుర్కొన్న పాత పేరును 2020లో వదులుకుని, రెండు సీజన్లు పేరే లేని జట్టుగా, అంటే ఉత్త ‘వాషింగ్టన్ ఫుట్‌బాల్ టీమ్’గా ఆడి, 2022లో కమాండర్స్ అయింది. 2023లో యాజమాన్యం కూడా మారి, జాష్ హారిస్ బృందం 605 కోట్ల డాలర్లకు జట్టును కొనుక్కుంది. ఆ ఏడాది మైదానంలో మాత్రం 17 ఆటల్లో 4 గెలుపులు, 13 ఓటములు. చివరి ఎనిమిదీ వరుసగా ఓడింది. ఎదుటి జట్లకు ఇచ్చిన పాయింట్లు 518. లీగ్‌లోని 32 జట్లలో అంత ధారాళంగా పాయింట్లు ఇచ్చిన జట్టు మరొకటి లేదు.

మన ప్రేక్షకుల్లో కొందరికి ఈ జట్టు కేవలం టీవీలో కనిపించేది కాదు. దీని శిక్షణ కేంద్రం వర్జీనియాలోని యాష్‌బర్న్‌లో ఉంది. తెలుగు కుటుంబాలు చాలా ఎక్కువగా స్థిరపడిన లౌడన్ కౌంటీ అదే. వారాంతంలో క్రికెట్ కోసం వెతుక్కునే తండ్రులూ, ఆదివారం కమాండర్స్ జెర్సీ వేసుకునే పిల్లలూ ఒకే ఇంట్లో కనిపించే చోటు అది.

[తెరపై: మైదానం నమూనా. పది గజాల గీతలు. 1, 2, 3, 4 అంకెలు ఒక్కొక్కటిగా వెలుగుతూ.]

ఈ ఆట అలవాటు లేని వారికి ఒక్క నియమం తెలిస్తే ఈ కథకు సరిపోతుంది. బంతి చేతిలో ఉన్న జట్టుకు పది గజాలు ముందుకు వెళ్ళడానికి నాలుగు ప్రయత్నాలు ఉంటాయి. ఒక్కో ప్రయత్నాన్ని డౌన్ అంటారు. ఆ నాలుగింటిలో పది గజాలు సాధిస్తే మళ్ళీ కొత్తగా నాలుగు డౌన్లు వస్తాయి. సాధించలేకపోతే బంతి ఆగిన చోటే ఎదుటి జట్టు పరమవుతుంది. అందువల్ల మూడు డౌన్లలో పని జరగకపోతే, నాలుగో డౌన్‌లో బంతిని కాలితో వీలైనంత దూరం తన్ని, ప్రత్యర్థి చాలా వెనక నుంచి ఆట మొదలుపెట్టేలా చేయడం పాత ఆచారం. దాన్ని పంట్ అంటారు. గోల్ స్తంభాలు అందే దూరంలో ఉంటే ఫీల్డ్ గోల్ తన్ని మూడు పాయింట్లు తీసుకోవచ్చు. ఈ రెండూ కాకుండా, నాలుగో డౌన్‌లో కూడా బంతితో ముందుకే వెళ్ళడం మూడో దారి. అది తప్పితే కోచ్‌ను మరుసటి రోజు పత్రికలన్నీ ఏకిపారేస్తాయి.

ఇక్కడ క్రికెట్‌తో ఒక తేడా గమనించాలి. క్రికెట్‌లో బంతి ఎవరికి ఇవ్వాలో మైదానంలో ఉన్న కెప్టెన్ నిర్ణయిస్తాడు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ప్రతి ఎత్తుగడా గీత బయట నిలబడ్డ కోచ్‌ల నుంచి వస్తుంది. మైదానంలో అఫెన్స్‌ను నడిపిస్తూ బంతి విసిరే ఆటగాడైన క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లో చిన్న రేడియో ఉంటుంది, ఎత్తుగడ మొదలుపెట్టడానికి 15 సెకన్లు మిగిలి ఉండగా అది మూగబోతుంది. ఆ లోపు చెప్పవలసింది చెప్పెయ్యాలి. నాలుగో డౌన్‌లో ముందుకు వెళ్ళాలా వద్దా అన్న నిర్ణయం మాత్రం పూర్తిగా హెడ్ కోచ్‌దే. కనుక కొత్త కోచ్ నిజంగా ఏం మార్చాడో తెలుసుకోవాలంటే ఆయన ప్రసంగాలు వినడం కంటే ఆయన నాలుగో డౌన్లు చూడడం మేలు.

[తెరపై: 23లో 20.]

2024 రెగ్యులర్ సీజన్‌లో వాషింగ్టన్ నాలుగో డౌన్‌లో 23 సార్లు ముందుకు వెళ్ళి 20 సార్లు సాధించింది. అంటే నూటికి 87. ఈ అంకెను కోచ్ ధైర్యానికి నిదర్శనంగా చూపించేవారు ఉన్నారు, కాని ధైర్యం ఒక్కటే ఉంటే 23లో 12 కూడా సాధించవచ్చు. మిగిలిన లెక్క ఒక కుర్రవాడిది.

ముందటి ఏడాది అంత ఘోరంగా ఆడినందుకు దక్కిన ఫలితం డ్రాఫ్ట్‌లో రెండో స్థానం. కాలేజీ ఆటగాళ్ళను ఎంచుకునే ఆ వరుసలో అడుగున ఉన్న జట్లకే ముందు అవకాశం వస్తుంది. షికాగో బేర్స్ మొదటి ఎంపికగా కేలెబ్ విలియమ్స్‌ను తీసుకోగా, రెండో ఎంపికగా వాషింగ్టన్ లూసియానా స్టేట్ యూనివర్సిటీ క్వార్టర్‌బ్యాక్ జేడెన్ డేనియల్స్‌ను తీసుకుంది. బంతి విసరడంలో తొణకనివాడు, దారి మూసుకుపోతే తానే పరుగెత్తి పోగలిగినవాడు. ఆ సీజన్‌లో అతడు కాళ్ళతోనే 891 గజాలు సాధించాడు. తొలి ఏడాది క్వార్టర్‌బ్యాక్‌లలో అది రికార్డు. రెండు గజాలు కావలసిన నాలుగో డౌన్‌లో, అతడు విసురుతాడో పరుగెత్తుతాడో తెలియక డిఫెన్స్ ఒక్క క్షణం తటపటాయిస్తే చాలు, ఆ రెండు గజాలూ వచ్చేస్తాయి.

క్విన్ స్వతహాగా డిఫెన్స్ మనిషి. అందుకే అఫెన్స్‌ను పూర్తిగా క్లిఫ్ కింగ్స్‌బరీకి అప్పగించి, తాను జోక్యం చేసుకోకుండా ఉన్నారు. నా దృష్టిలో ఆయన చేసిన తెలివైన పని ఇదే. డిఫెన్స్‌లో మాత్రం, ఒకప్పుడు సియాటిల్‌లో తన దగ్గర ఆడిన బాబీ వాగ్నర్‌ను తెచ్చుకున్నారు. జనరల్ మేనేజర్ ఆడమ్ పీటర్స్ కూడా ఆ ఏడాదే కొత్తగా వచ్చినవారు.

[తెరపై: ఏడు ఫీల్డ్ గోల్స్, ఒకదాని వెంట ఒకటి.]

తొలి ఆటలో టాంపా బే చేతిలో 37–20 తేడాతో ఓడిపోయారు. అక్కడ రెండు కిక్‌లు తప్పిన కిక్కర్‌ను పంపించేసి, అదే వారం ఆస్టిన్ సీబర్ట్‌ను తెచ్చుకున్నారు. రెండో ఆట న్యూయార్క్ జెయంట్స్‌తో. అంత వింత ఆట నేను ఎక్కువగా చూడలేదు. జెయంట్స్ కిక్కర్ ఆట మొదటి కిక్‌లోనే గాయపడ్డాడు. ఆ జట్టు బంతిని గోల్ గీత దాటించి మూడు టచ్‌డౌన్లు, ఒక్కోదానికి ఆరు పాయింట్ల చొప్పున, చేసినా, ప్రతిదాని తర్వాత సులువుగా రావలసిన అదనపు పాయింటు రాక, 18 దగ్గర ఆగిపోయింది. వాషింగ్టన్ ఒక్క టచ్‌డౌన్ కూడా చేయలేదు. వచ్చి వారమైనా కాని సీబర్ట్ ఏడు ఫీల్డ్ గోల్స్ తన్నాడు, ఏడూ లోపలికి వెళ్ళాయి. ఏడు మూళ్ళు ఇరవయ్యొకటి. 21–18. క్విన్‌కు వాషింగ్టన్‌లో తొలి గెలుపు అలా వచ్చింది. ఆ ఆటలోనూ, సిన్సినాటీపై 38–33తో గెలిచిన తర్వాతి ఆటలోనూ వాషింగ్టన్ ఒక్క పంట్ కూడా తన్నలేదు. సిన్సినాటీలో డేనియల్స్ విసిరిన 23 పాస్‌లలో 21 చేతికందాయి.

అక్టోబరు 27న షికాగో వచ్చింది. డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపిక, రెండో ఎంపిక ఎదురెదురుగా నిలబడ్డ ఆట. వారం ముందు పక్కటెముకలకు దెబ్బ తగిలిన డేనియల్స్ ఆడతాడో లేదో కూడా చివరి వరకు తెలియదు. 25 సెకన్లు మిగిలి ఉండగా షికాగో 15–12 ఆధిక్యంలోకి వెళ్ళింది. ఆఖరి ఎత్తుగడలో డేనియల్స్ దాదాపు 13 సెకన్ల పాటు అటూ ఇటూ తప్పించుకుంటూ తిరిగి, బంతిని గోల్ గీత అవతలి భాగమైన ఎండ్ జోన్ వైపు ఎత్తి విసిరాడు. గుంపులో ఎవరి చేతికో తగిలి వెనక్కి జారిన బంతి, అక్కడ ఒంటరిగా నిలబడ్డ నోవా బ్రౌన్ చేతుల్లో పడింది. 18–15. ఇది కోచింగ్ కాదు, అదృష్టం. ఆ మాట ఒప్పుకోవాలి. ఎత్తుగడ మొదలైనప్పుడు ఒక షికాగో డిఫెండర్ ప్రేక్షకుల వైపు తిరిగి సైగలు చేస్తూ ఉన్నాడన్నది కూడా నిజమే.

నవంబరులో అదృష్టం తన బాకీ వసూలు చేసుకుంది. 7 గెలుపులు, 2 ఓటములతో ఉన్న జట్టు వరుసగా మూడు ఆటలు ఓడింది. మూడోది డల్లాస్‌తో: 21 సెకన్లు మిగిలి ఉండగా 86 గజాల టచ్‌డౌన్ చేసి, ఆటను సమం చేసే అదనపు పాయింటు కిక్‌ను అదే సీబర్ట్ తప్పించడం చూసిన తర్వాత, ‘ఇదిగో, పాత వాషింగ్టన్ తిరిగొచ్చింది’ అనుకోని అభిమాని ఉండడు.

కాని ఆ తర్వాత జట్టు రెగ్యులర్ సీజన్‌లో మళ్ళీ ఓడలేదు. టెనెసీపై గెలుపు సునాయాసంగా వచ్చింది. న్యూ ఆర్లియన్స్ ఆఖరి క్షణంలో టచ్‌డౌన్ తర్వాతి అదనపు పాయింటు కిక్‌కు బదులు గెలుపు కోసం చేసిన రెండు పాయింట్ల ప్రయత్నం విఫలమై, 20–19తో మరో గెలుపు దక్కింది. పది ఆటలుగా ఓటమి లేని ఫిలడెల్ఫియా ఈగల్స్‌పై, అయిదుసార్లు బంతిని పోగొట్టుకుని కూడా, 6 సెకన్లు మిగిలి ఉండగా వచ్చిన టచ్‌డౌన్‌తో 36–33గా గెలిచారు. ఆ రోజు ఈగల్స్ క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్ తలకు దెబ్బ తగిలి ఆట మొదట్లోనే వెళ్ళిపోయాడన్నది గుర్తుంచుకోవాలి. అట్లాంటాపై, అంటే క్విన్‌ను పంపించేసిన జట్టుపై, అదనపు సమయంలో గెలిచి ప్లేఆఫ్స్‌కు చేరారు. డల్లాస్‌పై కూడా ఆఖరి సెకన్లలోనే. మొత్తం 12 గెలుపులు, 5 ఓటములు. చేసిన పాయింట్లు 485, ఇచ్చినవి 391.

[తెరపై: గోల్ స్తంభానికి తగిలి లోపలికి పడుతున్న బంతి.]

ప్లేఆఫ్స్‌లో మొదటి ఆట మళ్ళీ టాంపాలోనే. నాలుగో క్వార్టర్‌లో నాలుగు పాయింట్లు వెనుకబడి, ప్రత్యర్థి గోల్ గీతకు 5 గజాల దూరంలో వాషింగ్టన్‌కు నాలుగో డౌన్ వచ్చింది. ఫీల్డ్ గోల్ తన్నినా ఇంకా ఒక పాయింటు వెనకే. క్విన్ తన్నించలేదు. డేనియల్స్ టెర్రీ మెక్‌లారిన్‌కు టచ్‌డౌన్ విసిరాడు. చివరకు స్కోరు 20–20 ఉండగా, సమయం అయిపోతుండగా, జేన్ గొంజాలెజ్ తన్నిన 37 గజాల కిక్ కుడి స్తంభానికి తగిలి లోపలి వైపే పడింది. ప్లేఆఫ్స్‌లో పంతొమ్మిదేళ్ళకు దక్కిన గెలుపు ఒక ఇనుప స్తంభం దయ.

తర్వాత డెట్రాయిట్. 15 గెలుపులతో కాన్ఫరెన్స్‌లో అగ్రస్థానంలో ఉన్న జట్టు, అఫెన్స్ కోఆర్డినేటర్‌గా అదే బెన్ జాన్సన్. ఈసారి స్తంభాల దయ అవసరం లేకపోయింది. లయన్స్ నుంచి అయిదుసార్లు బంతిని లాక్కుని, వాషింగ్టన్ 45–31తో గెలిచింది. ఏడాది క్రితం సగం దారిలో ఆగిన ప్రయాణం అలా పూర్తయింది.

కాన్ఫరెన్స్ ఫైనల్ 2025 జనవరి 26న ఫిలడెల్ఫియాలో జరిగింది. వాషింగ్టన్ మొదట బంతి తీసుకుని, చెమటోడ్చి 18 ఎత్తుగడలు ఆడి, 3 పాయింట్లు సంపాదించింది. ఈగల్స్ ఆడిన మొదటి ఎత్తుగడలోనే సేక్వాన్ బార్క్‌లీ 60 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. పరుగును ఆపలేకపోవడం ఆ డిఫెన్స్‌కు ఏడాది పొడవునా ఉన్న జబ్బే. గెలుపుల వెనక కనబడకుండా ఉండిపోయింది. ఆ రోజు ఈగల్స్ పరుగుతోనే ఏడు టచ్‌డౌన్లు చేసి 55–23తో గెలిచారు, రెండు వారాల తర్వాత సూపర్ బౌల్ కూడా గెలుచుకున్నారు. డేనియల్స్‌కు ఆ ఏటి ఉత్తమ తొలి ఏడాది అఫెన్స్ ఆటగాడి పురస్కారం దక్కింది.

[తెరపై: 2025 అక్టోబరు 13. ల్యాండోవర్ మైదానం, రాత్రి.]

బెన్ జాన్సన్ ఆ జనవరిలోనే డెట్రాయిట్‌ను విడిచి షికాగో హెడ్ కోచ్ అయ్యారు. అక్టోబరులో తన జట్టుతో వాషింగ్టన్ సొంత మైదానానికి వచ్చి, సమయం ముగిసే క్షణాన తన్నిన ఫీల్డ్ గోల్‌తో, 25–24గా గెలిచి వెళ్ళారు.