చలికాలం అద్దాల పనికి వేన్నీళ్ళు ఎంత వేడిగా ఉండాలి?

[తెర మీద: ఎంవీపీ కాలనీలో ఒక అపార్ట్‌మెంట్. పొద్దున్న ఆరున్నర. గేటు దగ్గర ట్రాలీ ఆటో, అందులో బకెట్లు, పోల్, వైపర్లు, ఒక పెద్ద స్టీలు టీ క్యాన్.]

నమస్కారమండీ. సంక్రాంతి దగ్గర పడుతోందంటే అద్దాలు తుడిచేవాళ్ళకి ఊపిరి సలపదు. బూజులు ఇంట్లోవాళ్ళే దులుపుకుంటారు, సున్నాలకి మేస్త్రీని పిలుస్తారు, మూడో అంతస్తు కిటికీలు మాత్రం మన నెత్తిన పడతాయి. విశాఖలో ఏడాది మొత్తం మీద నీళ్ళు బాగా చల్లగా ఉండేది కూడా ఈ రోజుల్లోనే. జనవరి తెల్లవారుజామున ఇక్కడ 17, 18 డిగ్రీలు. కశ్మీరువాళ్ళు వింటే నవ్వుతారు. కానీ మేడ మీద ట్యాంకులో రాత్రంతా ఉన్న నీళ్ళలో చెయ్యి పెట్టి, ఆ తడి చేత్తో సముద్రపు గాలికి ఎదురుగా గంటసేపు నిలబడండి. వేళ్ళు కొంకర్లు పోతాయి, వైపర్ పట్టు జారిపోతుంది.

[గేటు దగ్గర వాచ్‌మన్ టీ క్యాన్ మూత తీసి చూస్తాడు. ఆవిరి.]

వాచ్‌మన్: ఏటి బాబూ, టీ అనుకున్నాను, వేన్నీళ్ళా! అద్దాలకి స్నానం చేయిస్తావేటి?

నేను: చేయిస్తాను బాబాయ్. కానీ అన్ని అద్దాలకీ కాదు.

[కెమెరా వైపు తిరిగి]

ఈ వీడియో అంతా ఆ మాట గురించే. ఏ అద్దానికి వేన్నీళ్ళు కావాలి, దేనికి దండగ, ఎంత వేడి చాలు, ఎక్కడ వేడి చేయాలి. వేడి ఎక్కువైతే మురికి తొందరగా పోతుందని చాలామంది అనుకుంటారు. మన ఊళ్ళో సగం అద్దాల విషయంలో అది నిజం కాదు.

[తెర మీద: బీచ్ రోడ్డు వైపు బాల్కనీ అద్దం. తెల్లటి పొర. వేలితో గీస్తే గీత పడుతుంది.]

ఇదిగో, ఆర్కే బీచ్ నుంచి రుషికొండ దాకా సముద్రానికి ఎదురుగా ఉన్న ఏ ఇంటికి వెళ్ళినా ఇదే తెల్ల పొర. ఉప్పు. అలల తుంపర గాలిలో కొట్టుకొచ్చి అద్దం మీద ఆరిపోతుంది. మామూలుగా నీళ్ళు వేడెక్కితే చాలా పదార్థాలు ఎక్కువగా కరుగుతాయి. ఉప్పు సంగతి వేరు. గడ్డకట్టబోయే చల్లటి నీళ్ళలో 100 గ్రాములకి సుమారు 35 గ్రాముల ఉప్పు కరిగితే, మరిగే నీళ్ళలో 39 గ్రాములు కరుగుతుంది. అంతే తేడా. అద్దం మీద ఉన్న చిటికెడు ఉప్పుకి చన్నీళ్ళు చాలు, ఇంకా మిగులుతాయి. దానికి కావల్సింది వేడి కాదు, ధార. పైనుంచి కిందకి ధారాళంగా పోసి, రెండు నిమిషాలు నాననిచ్చి, మళ్ళీ పోసి, అప్పుడు వైపర్ వేయాలి. పొడి గుడ్డతో మొదలుపెట్టారంటే ఉప్పు పలుకులతో అద్దాన్ని మీరే గీకినట్టు.

పోర్టు చుట్టుపక్కల ఇళ్ళ మీద పడే నల్ల దుమ్ముకి కూడా ఇదే లెక్క. అది గరుకు దుమ్ము, ముందు నీళ్ళతో జారిపోనివ్వాలి.

[తెర మీద: వంటింటి కిటికీ. ఎగ్జాస్ట్ ఫ్యాన్ పక్కన పసుపుపచ్చని జిడ్డు.]

ఇప్పుడు ఇంటి వెనక్కి రండి. వేన్నీళ్ళ అసలు పని ఇక్కడ. ఏడాది పొడుగునా తాలింపు పొగ, ఇప్పుడు పండక్కి అరిసెలు, జంతికలు. డిసెంబరులో మీ కొబ్బరినూనె సీసా చూశారు కదా, 24 డిగ్రీల కిందకి వస్తే గడ్డకడుతుంది. వంటింటి అద్దం మీద ఉన్న నూనె పొర కూడా చలికి అలాగే బిగుస్తుంది. దాని మీద చన్నీళ్ళు, సబ్బు వేసి రుద్దితే జిడ్డు పోదు, అద్దమంతా పాకుతుంది. నీళ్ళు 45 డిగ్రీలుంటే జిడ్డు మెత్తబడుతుంది, సబ్బు దాన్ని పట్టుకుంటుంది. ఏళ్ళ తరబడి పేరుకుని బంకలా గట్టిపడిన జిడ్డుకి మాత్రం వేడి ఒక్కటే చాలదు. సబ్బు నీళ్ళలో కాస్త వాషింగ్ సోడా కలిపి, తడిగుడ్డ ఆనించి పది నిమిషాలు వదిలేయాలి. సోడా అల్యూమినియం ఫ్రేము మీద ఉండిపోతే మచ్చ పడుతుంది, వెంటనే కడిగేయండి.

పావురాల రెట్టకి కూడా గోరువెచ్చని తడిగుడ్డ ఆనించడమే మేలైన పద్ధతి. గోటితో గీకొద్దు.

ఒక హెచ్చరిక. బాత్‌రూమ్ అద్దాల మీద తెల్ల మరకలకి కొందరు యాసిడ్ వాడతారు. దాన్ని వేన్నీళ్ళలో ఎప్పుడూ కలపకండి. ఆవిరి నేరుగా ముక్కులోకి, కళ్ళలోకి వెళ్తుంది.

[తెర మీద: బకెట్‌లో థర్మామీటర్. 45 దగ్గర ఆగుతుంది.]

45 అని ఎందుకంటున్నానంటే, ఆ వేడిలో చెయ్యి పెట్టి పని చేసుకోవచ్చు. అదే 60 డిగ్రీల నీళ్ళయితే ఐదారు సెకన్లలో చర్మం కాలిపోతుంది. 70 అయితే సెకను చాలు. నిచ్చెన మీద ఉన్నప్పుడు మగ్గు ఒలికితే ఏమవుతుందో ఆలోచించుకోండి. సలసల కాగే నీళ్ళు పైకి తీసుకెళ్ళే పనే పెట్టుకోవద్దు.

[తెర మీద: బ్రిటన్‌లో వాడే వ్యాన్ బొమ్మ. లోపల ట్యాంకు, హీటరు, పొడుగాటి పైపు.]

వేడి ఎలా చేయాలి? ఇంటర్నెట్‌లో వెతికితే బ్రిటన్‌వాళ్ళ వీడియోలు వస్తాయి. వాళ్ళు వ్యాన్‌లో వందల లీటర్ల శుద్ధమైన నీళ్ళు పెట్టుకుని, పోల్ చివర బ్రష్‌లోంచి నీళ్ళు చిమ్ముతూ కింద నిలబడే పై అంతస్తులు కడుగుతారు. అక్కడ చలికాలంలో పైపులో నీళ్ళు గడ్డకట్టే రోజులుంటాయి, అందుకే వ్యాన్‌లోనే డీజిల్ హీటరు. నిమిషానికి రెండు లీటర్లు వాడుతూ, 5 డిగ్రీల నీళ్ళని అప్పటికప్పుడు 45కి తేవాలంటే ఐదున్నర కిలోవాట్ల శక్తి కావాలి. అంటే మన ఇంట్లో రాడ్డు హీటర్లు మూడో నాలుగో ఒకేసారి వేసినంత. అది చూసి మన ట్రాలీ ఆటోకి బ్యాటరీతో నడిచే హీటరు పెట్టొచ్చా అని అడుగుతారు. లెక్క చూడండి. 12 వోల్టుల, 100 ఏహెచ్ బ్యాటరీ మొత్తం పిండినా 1.2 యూనిట్లు. 20 లీటర్ల నీళ్ళని 20 నుంచి 45 డిగ్రీలకి తేవడానికే దాదాపు 0.6 యూనిట్ పోతుంది. ఒక్క బకెట్‌కి సగం బ్యాటరీ అయిపోయింది. ఆ ఆలోచన మానుకోండి.

[తెర మీద: వాచ్‌మన్ గది. గోడకి చిన్న ప్లగ్గు, ఎక్స్‌టెన్షన్ బాక్సు.]

మనవాళ్ళు ఎక్కువగా చేసేది ఇదీ: అపార్ట్‌మెంట్‌కి వెళ్ళాక వాచ్‌మన్ గదిలో రాడ్డు పెట్టి కాచుకోవడం. నాకు అన్నిటికన్నా టెన్షన్ ఇక్కడే. 1500 వాట్ల రాడ్డు ఆరున్నర ఆంపియర్ల కరెంటు లాగుతుంది, 2000 వాట్లది దాదాపు తొమ్మిది. చిన్న ప్లగ్గు ఉన్నదే ఆరు ఆంపియర్లకి. అందులో, అదీ సన్న వైరు ఎక్స్‌టెన్షన్‌తో పెడితే, నీళ్ళకంటే ముందు వైరు కాగుతుంది. రాడ్డుకి 16 ఆంపియర్ల పెద్ద సాకెట్టే కావాలి, మూడో పిన్నుకి ఎర్త్ నిజంగా ఉండాలి. ఐఎస్ఐ గుర్తు లేని రాడ్డు చవగ్గా వస్తుందని కొనొద్దు.

స్టీలు బకెట్‌లో రాడ్డు పెట్టకండి. రాడ్డులో ఎక్కడైనా లీకేజీ ఉంటే బకెట్ మొత్తం కరెంటే. ప్లాస్టిక్ బకెట్ మీద కర్ర అడ్డం పెట్టి, రాడ్డు అంచుకి తగలకుండా వేలాడదీయాలి. నీళ్ళు రాడ్డు మీది గీత దాకా ఉండాలి. వేడెక్కిందా అని వేలు పెట్టి చూసే అలవాటు మనందరిలో ఉంది. ముందు స్విచ్ కట్టాలి, తర్వాత ప్లగ్గు పీకాలి, అప్పుడు వేలు. స్విచ్ ఒక్కటి కడితే చాలదా అంటారు. పాత బిల్డింగుల్లో స్విచ్ న్యూట్రల్ మీద, అంటే కరెంటు వచ్చే వైరు మీద కాకుండా తిరిగి వెళ్ళే వైరు మీద పెట్టిన వైరింగ్ ఉంటుంది. అలాంటి చోట స్విచ్ కట్టినా రాడ్డులో కరెంటు ఉంటుంది.

[తెర మీద: గ్యాస్ పొయ్యి మీద గుండిగ. పక్కన టీ క్యాన్.]

నేను చెప్పే పద్ధతి వేరు. బయల్దేరే ముందు మన చోటే పది లీటర్లు బాగా కాచి, టీ అమ్మేవాళ్ళు వాడే డబుల్ గోడ స్టీలు క్యాన్‌లో పోసుకుని రావడం. ఒక మగ్గు సలసల కాగిన నీళ్ళకి రెండు మగ్గుల ట్యాంకు నీళ్ళు కలిపితే 45 డిగ్రీల దగ్గరికి వస్తుంది. అంటే పది లీటర్ల క్యాన్‌తో ముప్పై లీటర్ల పని నీళ్ళు. వంటింటి కిటికీలకి, మీ చేతులకి మాత్రమే వాడితే పూటకి సరిపోతాయి. మధ్యాహ్నానికి క్యాన్‌లో నీళ్ళు కొంత చల్లారతాయి, అప్పుడు ఒకటికి ఒకటిన్నర కలుపుకోండి. ఆ వేళకి ఎండ కూడా వస్తుంది కాబట్టి అవసరమూ తగ్గుతుంది. క్యాన్‌ని ఆటోలో తాడుతో కట్టండి, కుళాయి బయటివైపు ఉండకూడదు.

గ్యాస్ లెక్క చెప్తాను. పది లీటర్లు 20 నుంచి 90 డిగ్రీలకి కాచడానికి మంచి పొయ్యి మీద వంద గ్రాముల పైచిలుకు గ్యాస్ పడుతుంది. 19 కిలోల కమర్షియల్ సిలిండరు అటూ ఇటూగా 170 సార్లకి వస్తుంది. ఇంటి సిలిండరు వ్యాపారానికి వాడకూడదు, ఆ సంగతి మీకు తెలుసు, తెలియనట్టు నటించకండి.

ఇంకో దారి, పైసా ఖర్చు లేనిది. అపార్ట్‌మెంట్ మీద సోలార్ హీటరు ఉంటే నిన్నటి ఎండకి కాగిన నీళ్ళు పొద్దున్నకి ఇంకా వెచ్చగానే ఉంటాయి. అసోసియేషన్‌వాళ్ళని అడగండి. అడక్కుండా మాత్రం తిప్పకండి, ఎనిమిదింటికి స్నానానికి వచ్చినవాళ్ళు మిమ్మల్నే తలుచుకుంటారు.

[తెర మీద: రెండు గ్లాసులు, నీళ్ళలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటరు. ఒక దాంట్లో కుళాయి నీళ్ళు, ఒక దాంట్లో బోరు నీళ్ళు.]

ఇప్పుడు చాలామంది పట్టించుకోని సంగతి. నీళ్ళు వేడి చేసినంత మాత్రాన మంచి నీళ్ళు కావు. తాగే నీటికి మన దేశ ప్రమాణం లీటరుకి 500 మిల్లీగ్రాముల లవణాల దాకా ఒప్పుకుంటుంది, వేరే దిక్కు లేకపోతే 2000 దాకా. అద్దానికి ఆ 500 కూడా ఎక్కువే. తుడవకుండా ఆరిపోతే చుక్కకో తెల్ల మచ్చ మిగులుతుంది. బ్రష్‌తో కడిగి అలాగే వదిలేసే పద్ధతిలో లవణాలు పది మిల్లీగ్రాముల లోపు ఉండే నీళ్ళు వాడేది అందుకే. సముద్రం దగ్గర బోర్లలో ఉప్పు ఎంత ఉంటుందో నోట్లో పోసుకుంటేనే తెలుస్తుంది. అలాంటి నీళ్ళు వేడి చేసి పోస్తే ఇంకా త్వరగా ఆరతాయి, మచ్చలు ఇంకా త్వరగా పడతాయి. పైగా రాడ్డు మీద సున్నపు పొర పేరుకుంటుంది, అది పేరుకున్నకొద్దీ కరెంటు ఎక్కువ, వేడి తక్కువ.

అందుకని బోరు నీళ్ళు తప్పనిసరైతే కడగడానికి వాడండి, ఆఖరి చేతికి మాత్రం ఆర్వో నీళ్ళో, మున్సిపల్ కుళాయి నీళ్ళో. ఫిల్టరు మెషీన్ ఉన్నవాళ్ళు శుద్ధి చేశాకే వేడి చేయండి. వేన్నీళ్ళని మెషీన్‌లోకి పంపితే ఆర్వో పొర పాడవుతుంది, మామూలుగా అది 45 డిగ్రీల దాకానే ఓర్చుకుంటుంది.

[తెర మీద: అరకు. మంచు కమ్మిన లోయ. రిసార్టు గది, నేల నుంచి పైకప్పు దాకా అద్దం.]

చివరగా, కొండ మీది పని. చలికాలంలో అరకు, లంబసింగి రిసార్టుల నుంచి పిలుపులు వస్తాయి. అక్కడ జనవరి తెల్లవారుజామున ఐదు డిగ్రీల కిందికి పోయే రోజులున్నాయి. చలి ఎక్కువ కాబట్టి నీళ్ళు ఇంకా వేడిగా పోయాలి అనిపిస్తుంది. సరిగ్గా తిరగేసి చేయాలి. మామూలు కిటికీ అద్దం ఒక చోటికీ ఇంకో చోటికీ మధ్య సుమారు 40 డిగ్రీల తేడా దాకా తట్టుకుంటుంది. అంచు దగ్గర చిన్న పెచ్చు ఊడి ఉంటే అంత కూడా తట్టుకోదు. ఐదు డిగ్రీలున్న అద్దం మీద 70 డిగ్రీల నీళ్ళు పోస్తే టప్పున చీలిక వస్తుంది, ఆ అద్దం ఖరీదు మీ కూలిలోంచే పోతుంది. టఫెన్డ్ అద్దానికి, అంటే వేడిచేసి గట్టిపరిచిన అద్దానికి, ఈ భయం చాలా తక్కువ. మూల దగ్గర దాని ముద్ర ఉంటుంది, ముందే చూసుకోండి.

కొండ మీద నీళ్ళు 25, 30 డిగ్రీలు దాటనివ్వకండి. బకెట్ వేడి మీ చేతులకే కానీ అద్దానికి కాదు. చేతులకే అయితే లోపల ఊలు, పైన రబ్బరు గ్లౌజులు వేసుకుంటే ఆ బకెట్ కూడా అక్కర్లేదు. తెల్లవారుజామున అద్దం మీద మంచు నీరు కారుతూనే ఉంటుంది, మీరు తుడిచిన వెంటనే మళ్ళీ పడుతుంది. రిసార్టు మేనేజరు ఏడింటికే రమ్మంటాడు, గెస్టులు లేచేలోపు అయిపోవాలంటాడు. పదింటికి ఎండ అద్దం మీదికి వచ్చాక మొదలుపెడతానని ఫోన్‌లోనే చెప్పేయండి. అప్పుడైతే చన్నీళ్ళతోనే పన్నెండింటికి పని తేలిపోతుంది.