దుంప ఇచ్చేటప్పుడు పేరు కూడా ఇవ్వండి

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకీ, ముందు వరసలు నింపేసిన మొక్కల ప్రేమికులకీ నమస్కారం. నన్ను పరిచయం చేస్తూ ఇప్పటికే చాలాసేపు మాట్లాడారు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను. పొడవాటి గడ్డం ఐరిస్‌లనే పూలమొక్కల్ని ఇంటి తోటలో ఎలా పెంచుకోవాలో చెప్పమన్నారు. చెబుతాను. నాటడం, నీళ్ళు, ఎరువు, ఇవన్నీ తొందరగా అయిపోయే సంగతులే. వాటి తర్వాత ఇంకో మాట ఉంది. మీరు పిలవగానే ఒప్పుకున్నది ఆ మాట కోసమే.

ముందు మొక్క సంగతి చూద్దాం. గడ్డం ఐరిస్‌లలో 20 సెంటీమీటర్లు మించని పొట్టివి ఉన్నాయి, మధ్యరకాలు ఉన్నాయి. పూల కాడ 70 సెంటీమీటర్లు దాటితేనే దాన్ని పొడవాటి తరగతిలో చేరుస్తారు. పువ్వుకి ఆరు రేకులు. మూడు పైకి లేచి నిలబడతాయి, మూడు కిందికి వాలతాయి. వాలిన రేకు మొదట్లో మెత్తటి నూగు చార ఒకటి ఉంటుంది. దాన్నే గడ్డం అంటాం.

ఆ చార ఊరికే లేదండీ. తేనెటీగ వాలిన రేకు మీద దిగి, ఆ చార వెంటే లోపలికి నడుస్తుంది. పైనుంచి ఒక సన్నటి రేకులాంటి భాగం దాని మీదికి వంగి ఉంటుంది. దాని అంచున చిన్న పెదవి ఉంటుంది. వేరే పువ్వు దగ్గర ఈగ వీపుకి అంటిన పుప్పొడిని ఆ పెదవి గీకి తీసుకుంటుంది. ఈగ ఇంకా లోపలికి వెళ్తే అక్కడ కేసరం దాని వీపుకి కొత్త పుప్పొడి అద్దుతుంది. ఈగ వెనక్కి వచ్చేటప్పుడు పెదవి మూసుకుంటుంది, అందుకని ఆ పువ్వు పుప్పొడి ఆ పెదవికే అంటే అవకాశం చాలా తక్కువ. ఈసారి మీ మొక్క పూసినప్పుడు ఫొటో తీసి లోపలికి వెళ్ళిపోకండి. కాసేపు పక్కనే కూర్చుని చూడండి.

సరే, నాటడం. ఐరిస్ దుంప పసుపు కొమ్ములా నేలలో అడ్డంగా సాగుతుంది. దానికి ఎండ కావాలి. రోజుకి కనీసం 6 గంటలు నేరుగా తగిలే ఎండ. నీళ్ళు నిలవని నేల కావాలి. మీది బంకమట్టి అయితే మడిని ఎత్తు చేయండి, ఇసుకో కంకరో కలపండి. గుంత తీసి, మధ్యలో మట్టిని చిన్న గట్టులా పోసి, ఆ గట్టు మీద దుంపని కూర్చోబెట్టండి. వేళ్ళని రెండు పక్కలకీ కిందికి జార్చి, వాటి మీద మట్టి వేసి గట్టిగా నొక్కండి. దుంప వీపు మాత్రం బయటికి కనబడుతూ ఉండాలి. ఎండలు మరీ మండే చోటైతే పైన పలచగా మట్టి కప్పండి, అంతే. దుంపకీ దుంపకీ మధ్య 30 నుంచి 60 సెంటీమీటర్లు వదలండి.

మొక్క అనగానే లోతుగా పాతాలని మన చేతులకి అలవాటు. పాతేస్తారు. పైన ఆకులో గడ్డో మల్చింగ్ కూడా వేస్తారు. పొద్దునా సాయంత్రం నీళ్ళు పోస్తారు. ఐరిస్‌కి ఇవన్నీ చేటే. లోతుగా పాతితే ఆకులు వస్తాయి, పూలు రావు. తడి పట్టి ఉంటే దుంప కుళ్ళుతుంది. కుళ్ళు పట్టిన దుంపని వేలితో నొక్కితే మెత్తగా లోపలికి దిగిపోతుంది, చెడు వాసన కొడుతుంది. ఆకుల గుత్తి పట్టుకుని లాగితే మొదట్లోంచి ఊడి చేతిలోకి వచ్చేస్తుంది. అది చూసి మొక్క మొత్తం పారేయకండి. కుళ్ళిన భాగాన్ని చెంచాతో గట్టి భాగం తగిలేదాకా గీకేసి, గాయం ఎండేదాకా ఎండలో వదిలేయండి. చాలాసార్లు కోలుకుంటుంది.

ఎరువు విషయంలో నత్రజని తగ్గించండి. పచ్చిక కోసం వేసే ఎరువు దీనికి వద్దు. ఆకు ఏపుగా వస్తుంది, పూలు తగ్గుతాయి, కుళ్ళు పెరుగుతుంది. ఇంకొకటి కూడా చెప్పాలి. చలికాలం బొత్తిగా లేని చోట ఈ మొక్క సరిగా పూయదు. పూమొగ్గ తయారవడానికి దానికి చల్లటి వారాలు కావాలి. అలాంటి చోట ఉన్నవాళ్ళు కొనేముందు ఆలోచించుకోండి. ఎన్ని నీళ్ళు పోసినా ఎంత ఎరువు వేసినా చలికి అవి సాటి రావు.

రంగుల గురించి అడుగుతారని తెలుసు. తెలుపు నుంచి నలుపు అనిపించేంత ముదురు ఊదా దాకా అన్నీ ఉన్నాయి, నిజమైన ఎరుపు తప్ప. గులాబీ, నారింజ ఛాయలు లైకోపీన్ వల్ల వస్తాయి, టమాటాని ఎర్రగా చేసేది కూడా అదే. అయినా ఐరిస్‌లో అసలు ఎరుపు ఇంతవరకు సంకరం చేసేవాళ్ళకి చిక్కలేదు. ఎర్ర ఐరిస్ అని ఎవరైనా అమ్మితే అది గోధుమ ఎరుపో, వైన్ రంగో అయి ఉంటుంది.

ఇక అసలు మాటకి దగ్గరవుతున్నాం. దయచేసి ఇది కొంచెం శ్రద్ధగా వినండి. ఐరిస్ దుంప ఒక్కసారే పూస్తుంది. కాడ వేసి, పూసి, ఆ తర్వాత అది మళ్ళీ పూయదు. దాని పక్కల నుంచి పిలకలు వస్తాయి, తర్వాత పూసేవి అవే. వాటి పిలకలు ఆ తర్వాత. అందుకే 3, 4 ఏళ్ళకి ఒకసారి కుదురు మొత్తం తవ్వి విడదీయాలి. పూలు అయిపోయాక 6 నుంచి 8 వారాలు ఆగి ఈ పని పెట్టుకోండి. మధ్యలో ముడతలు పడి ఉన్న పాత దుంపలు తీసేయండి. చుట్టూ ఉన్న గట్టి పిలకల్ని వేళ్ళతో సహా విరిచి, ఆకుల్ని 15 సెంటీమీటర్లకి కత్తిరించి నాటండి. (ఆ పాత దుంపల్ని చెత్త అనుకోకండి. ఫ్లోరెన్స్ చుట్టుపక్కల ఐరిస్ పాలిడా అనే జాతి దుంపల్ని ఎండబెట్టి ఏళ్ళ తరబడి నిలవ ఉంచుతారు. తాజా దుంపకి లేని సువాసన ఆ నిలవలోనే పుడుతుంది. అత్తరు వాళ్ళకి అది బంగారం.)

విడదీసిన ప్రతి పిలకా అదే మొక్క. దాని బిడ్డ అనుకోవద్దు, అచ్చంగా అదే. పారిస్‌లో లెమోన్ అనే ఆయన 1840లో 'హోనరబైల్' అనే ఐరిస్‌ని బయటికి తెచ్చాడు. ఇవాళ ఎవరి మడిలోనైనా 'హోనరబైల్' పూస్తోందంటే, ఆనాటి మొక్కే పిలక పిలకగా చేతులు మారుతూ అక్కడికి వచ్చిందన్నమాట. మధ్యలో ఎందరో దాన్ని తవ్వారు, విరిచారు, పక్కింటికి ఇచ్చారు. ప్రతిసారీ దుంపతో పాటు పేరు కూడా ఇచ్చారు. ఎవరో ఒకరు పేరు చెప్పడం మరిచిపోయి ఉంటే, ఆ వరస అక్కడే తెగిపోయేది.

ఇప్పుడు నేను మోసుకొచ్చిన బాధ చెబుతాను. ఏ తోటో చెప్పను, ఎవరి అధీనంలో ఉందో చెప్పను. అందులో ఒక పొడుగాటి మడి నిండా పాత ఐరిస్‌లు ఉండేవి. వాటిని పెంచిన తోటమాలి ప్రతి కుదురు పక్కనా ఒక జింక్ రేకు గుచ్చి, పెన్సిల్‌తో పేరు, పెంచినవాళ్ళ పేరు, సంవత్సరం రాసేవాడు. ఆయన పని మానేశాక కూడా ఆ రేకులు అలాగే ఉన్నాయి. వానకి తడిసి, ఎండకి ఎండినా పెన్సిల్ రాత చెదరలేదు. ఒకసారి అక్కడ ఏదో ఉత్సవం పెట్టుకున్నారు. ఫొటోల్లో ఆ రేకులు బాగోవని ఎవరో అన్నారట. ఒక్క పూటలో అన్నీ పీకి బకెట్లో పోశారు.

నేను వెళ్ళేసరికి బకెట్ గోడ పక్కన ఉంది. రేకులు ఒక్కొక్కటే తీసి చూశాను. ఒకదాని మీదా అక్షరం చెరగలేదు. మడిలో మొక్కలు కూడా బాగున్నాయి. తర్వాత పూల కాలంలో అన్నీ పూశాయి కూడా. ఏ పేరు ఏ పువ్వుదో చెప్పగలిగినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. పాత ఫొటోలు దగ్గర పెట్టుకుని కొన్నింటిని గుర్తుపట్టాం. పసుపు పూరేకుల కింద మెరూన్ గీతలున్నవి, మొదట్లో ఊదా మచ్చ ఉన్నవి, అలాంటి ప్రత్యేకమైనవి దొరికాయి. లేత నీలం, లేత ఊదా పూలు వరసగా ఉన్నాయి చూడండి, వాటిని ఎవరు తేలుస్తారు? నమోదైన రకాలే పదుల వేలు ఉన్నాయి. రెండు లేత నీలం పువ్వులు పక్కపక్కన పెడితే వాటిని పెంచినవాళ్ళే తడబడతారు.

"మొక్కలు బతికే ఉన్నాయి కదా, ఏం పోయింది?" అని అక్కడ ఒకాయన నన్ను అడిగాడు. ఏం పోయిందో ఈ సభలో చెబుతున్నాను. నూరేళ్ళ కిందట ఎవరో ఒకరు రెండు పువ్వుల్ని ఎంచుకుని, పుప్పొడి అద్ది, విత్తనం తీసి, మొలకెత్తించి, రెండు మూడేళ్ళు ఆగి, వందల మొలకల్లో ఒకదాన్ని ఉంచి పేరు పెట్టారు. ఆ మనిషి చేసిన పని మొత్తం ఆ పేరు మీదే నిలబడి ఉంది. పేరు పోతే ఇది ఎవరు చేశారో తెలీదు, ఎప్పుడు చేశారో తెలీదు, ఇంకెక్కడైనా ఉందో లేదో తెలీదు. ప్రపంచంలో అదే చివరి కుదురైనా మనకి తెలిసే దారి లేదు. రేపు ఎవరో దాన్ని మామూలు నీలం ఐరిస్ అనుకుని తీసి పారేస్తారు.

పేరు ఉంటే ఏం జరుగుతుందో కూడా చెప్పాలి. ఇంగ్లండ్‌లో సెడ్రిక్ మోరిస్ అనే చిత్రకారుడు ఉండేవాడు. సఫోక్‌లోని బెంటన్ ఎండ్ అనే ఇంట్లో ఐరిస్‌లు సంకరం చేసి, దాదాపు 90 రకాలకి పేర్లు పెట్టాడు. చాలావాటి పేరు ముందు 'బెంటన్' అని ఉంటుంది. ఆయన 1982లో పోయాడు. తర్వాత మొక్కలు చెల్లాచెదురయ్యాయి. సిసింగ్‌హర్స్ట్ తోటలో హెడ్ గార్డెనర్‌గా పనిచేసిన సారా కుక్, బతికి ఉన్నవాటిని వెతకడం మొదలుపెట్టారు. తోట తోటా అడిగి, ఒక్కొక్కటే పోగు చేశారు. 2015లో చెల్సీ పూల ప్రదర్శనలో ఆ ఐరిస్‌లు మళ్ళీ జనం ముందుకి వచ్చాయి. ఆలోచించండి, ఆమె దేన్ని పట్టుకుని వెతకగలిగారు? ఎక్కడో ఎవరో పేరు రాసి ఉంచారు కాబట్టి. ఎవరో సామాన్యులు, మనలాంటివాళ్ళు, దుంప పక్కన ఒక రేకు గుచ్చారు కాబట్టి.

మీలో ఎంతమంది మడిలో పేరు తెలియని ఐరిస్ ఉంది? చేతులెత్తండి. చూశారా, సగానికి పైనే. తప్పు పట్టడం లేదు, అవి మీకు అలాగే వచ్చాయి. వాటికి ఊహించి పేరు పెట్టకండి, అదొక్కటే నా విన్నపం. ఫొటోలో పోలిక కనబడగానే పేరు తగిలించేస్తే, ఆ తప్పు పేరుతో అది ఇంకో పదిమందికి చేరుతుంది, అసలు రకం ఏదో ఎవరికీ తేలదు. "పేరు తెలియదు, ఫలానావారి దగ్గర, ఫలానా సంవత్సరం తీసుకున్నది" అని రాయండి. అదీ సమాచారమే. ఎప్పుడో ఒకప్పుడు ఎవరికో దారి చూపిస్తుంది.

పేరు తెలిసినవాటికి ఏం చేయాలో చెబుతాను. తవ్వేముందే, మొక్క నేలలో ఉండగానే, ఆకు మీద మార్కర్‌తో పేరు రాసేయండి. ఐరిస్ ఆకు వెడల్పుగా, గట్టిగా ఉంటుంది, చక్కగా రాయొచ్చు. తవ్వి పోగు పెట్టాక రాద్దాంలే అనుకుంటే పోగులు కలిసిపోతాయి. మడిలో గుచ్చే రేకు మీద మాత్రం మార్కర్ వద్దు, ఎండకి వెలిసిపోతుంది. జింక్ రేకు మీదో అల్యూమినియం రేకు మీదో పెన్సిల్‌తో రాయండి. దాంతో పాటు నోటుబుక్కులో మడి బొమ్మ గీసి, ఎక్కడ ఏది ఉందో రాసుకోండి. రేకుల్ని పిల్లలు పీకుతారు, కుక్కలు తవ్వుతాయి, ఉత్సవాలు వస్తాయి. బొమ్మ బీరువాలో భద్రంగా ఉంటుంది.

ఇంకొకటి, ఇది చాలామంది పట్టించుకోరు. వాడిన పువ్వు వెనక కాయ కడితే తుంచేయండి. వదిలేస్తే కాయ పగిలి, గింజలు అదే కుదురులో పడి మొలుస్తాయి. ఆ మొలక వేరే మొక్క, దాని పువ్వు వేరే. అయినా తల్లి మొక్క పేరున్న రేకు పక్కనే పెరుగుతుంది కాబట్టి తల్లి పేరుతోనే చలామణి అవుతుంది. సంకరం చేయాలని ఉంటే చేయండి, చాలా సంతోషం. ఆ కాయకి దారం కట్టి, ఏ రెండు రకాలు కలిపారో రాసి, గింజలు వేరే మడిలో వేయండి.

బయట బల్ల మీద కొన్ని దుంపలు పెట్టాను. అన్నింటి ఆకుల మీదా పేర్లు ఉన్నాయి, పేరు తెలియనివాటి మీద ఆ సంగతే రాసి ఉంది. తలా ఒకటి తీసుకోండి. బల్ల మీద ఒక పుస్తకం ఉంది, అందులో మీ పేరు, ఏ రకం తీసుకున్నారో రాయండి. నా దగ్గర ఆ రకం పోతే మిమ్మల్నే అడుగుతాను. ఆకులు ఎండిపోయేలోపు ఆ పేరు రేకు మీదికి ఎక్కించండి. ఇప్పుడు ప్రశ్నలు ఉంటే అడగండి. వెనక వరసలో మైకు ఇవ్వండి, అమ్మ ఇందాకట్నుంచీ చెయ్యెత్తి ఉన్నారు.