మూడో ఏటి నుంచే చదువు

శ్రోతలందరికీ నమస్కారం.

జూన్‌లో ఒకటో తరగతిలో కొత్తగా చేరిన పిల్లల్ని ఒకసారి గమనించండి. ఒక పాప అప్పటికే బోలెడన్ని కథలు వినివుంటుంది. రంగుల పేర్లు తెలుసు, పుస్తకం ఎటు నుంచి తెరవాలో తెలుసు, టీచర్‌ని ప్రశ్న అడిగే చొరవ కూడా ఉంటుంది. పక్కన కూర్చున్న పాప అమ్మానాన్నలు కూలికి వెళ్తారు. మిరప కోతలప్పుడు తెల్లారకముందే బయల్దేరితే మళ్లీ ఇల్లు చేరేది చీకటి పడ్డాకే. ఆ పాప ఇన్నాళ్లూ చేను గట్టున, చెట్టుకు కట్టిన చీర ఉయ్యాల ఊపుతూ తమ్ముణ్ణి చూసుకుంది. తెలివిలో ఇద్దరూ సమానమే. అయినా బడి మొదటి రోజుకే ఒకరు వెనకబడ్డారు. పేదపిల్లల చదువు గురించి ఆలోచించేవాళ్లు మూడో ఏటి నుంచే మొదలుపెట్టాలని నేను గట్టిగా అనేది ఇందుకే.

ఈ విషయంలో ప్రపంచమంతా చెప్పుకునే ఉదాహరణ ఒకటుంది. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఇప్సిలాంటి అనే ఊరు. డేవిడ్ వైకార్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1962లో అక్కడి పెర్రీ స్కూల్లో ఒక నర్సరీ బడి పెట్టారు. కడు పేద నల్లజాతి కుటుంబాలకు చెందిన 123 మంది పిల్లల్ని రెండు జట్లుగా విడదీశారు. 58 మంది ఆ నర్సరీకి వచ్చారు, మిగతా 65 మందికి అది అందలేదు. బడి నడిచేది పూటకు రెండున్నర గంటలే. ఐదారుగురు పిల్లలకు ఒక టీచర్. పొద్దున రాగానే టీచర్ ఒక్కొక్కరినీ అడుగుతుంది: "ఇవాళ నువ్వేం చేద్దామనుకుంటున్నావు?" చెక్క దిమ్మెలతో ఇల్లు కడతానని ఒక పిల్లాడంటాడు. కడతాడు, అది కూలుతుంది, మళ్లీ కడతాడు. ఆఖర్న అందరూ కూర్చున్నాక ఎలా కట్టాడో, ఎందుకు కూలిందో తనే చెప్పాలి. అనుకోవడం, చేయడం, చేసింది చెప్పడం, రోజూ ఇదే. వారానికోసారి టీచర్ ఇంటికి వెళ్లి తల్లితో, బిడ్డతో గంటన్నర గడిపేది.

మొదట్లో ఆ పిల్లల తెలివితేటల పరీక్ష మార్కులు బాగా పెరిగాయి. కొన్నేళ్లకు ఆ ఆధిక్యం కరిగిపోయింది. డబ్బు దండగైందని చాలామంది అక్కడితో తేల్చేసేవాళ్లే. పరిశోధకులు మాత్రం ఆ పిల్లల్ని నలభయ్యో ఏడు వచ్చేదాకా వదల్లేదు. అప్పటికి నర్సరీకి వెళ్లినవాళ్లలో ఏడాదికి 20 వేల డాలర్లకు పైగా సంపాదిస్తున్నవాళ్లు 60 శాతం, వెళ్లనివాళ్లలో 40 శాతం. ఐదుసార్లో అంతకన్నా ఎక్కువో అరెస్టయినవాళ్లు ఇటు 36 శాతం, అటు 55 శాతం. నోబెల్ పొందిన ఆర్థికవేత్త జేమ్స్ హెక్‌మన్ లెక్క కట్టి, ఆ బడి మీద పెట్టిన ఖర్చు సమాజానికి ఏటా 7 నుంచి 10 శాతం రాబడి తెచ్చిందన్నారు. మార్కుల్లో కనపడని ఓపిక, పట్టుదల, నలుగురితో మెలిగే తీరు ఆ పిల్లల్లో నిలిచిపోయాయన్నమాట.

అలాగని నర్సరీ అని బోర్డు పెట్టినంత మాత్రాన మేలు జరగదు. అదే అమెరికాలో టెన్నెసీ రాష్ట్రం పేదపిల్లల కోసం పెద్ద ఎత్తున ప్రీస్కూళ్లు నడిపింది. వాటికి వెళ్లిన పిల్లలు ఆరో తరగతికి వచ్చేసరికి వెళ్లనివాళ్లకన్నా చదువులో వెనకబడ్డారని 2022లో వచ్చిన ఫలితాలు చెప్పాయి. ఇది మింగుడుపడని నిజమే, దాచకుండా చెప్పుకోవాలి. నన్నడిగితే, మూడేళ్ల పిల్లలకు ఏబీసీడీలు రుద్ది, హోంవర్క్ ఇచ్చి, చేయి నొప్పెట్టేలా రాయించే మన వీధి కాన్వెంట్ల విషయంలోనూ ఇదే భయం ఉండాలి. అప్పు చేసి మరీ ఫీజు కట్టే తల్లిదండ్రుల్ని తప్పుపట్టను. వాళ్లకు ఎదురుగా కనిపిస్తున్న దారి అదొక్కటే.

మనకు అంగన్‌వాడీలున్నాయి. 1975 అక్టోబర్ 2న మొదలైన పథకం ఇది. నేడు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి 90 వేలకు పైగా కేంద్రాలున్నాయి. ఇంత దగ్గరగా, ఇంతమంది పేదపిల్లలకు అందుబాటులో ఉన్న ఏర్పాటు ఇంకోటి లేదు. కానీ అక్కడి టీచరమ్మ రోజు ఎలా గడుస్తుందో చూడండి. పిల్లల బరువు తూచాలి, ఎత్తు కొలవాలి. గర్భిణులకు భోజనం పెట్టించాలి. గుడ్లు, పాలు, బాలామృతం ప్యాకెట్ల లెక్క రాయాలి. రిజిస్టర్లు నింపాక అవే వివరాలు ఫోన్‌లో యాప్‌లోకి ఎక్కించాలి, అదీ సిగ్నల్ ఉంటే. మధ్యలో సర్వేలు, మీటింగులు. ఇన్ని పనుల మధ్య పాటకు, కథకు మిగిలేది ఎంతసేపు? ఆవిడ శ్రద్ధను శంకించాల్సిన పనిలేదు, ఆవిడకున్నవి రెండు చేతులే.

దీనికి మందు ఏమిటో పక్కనే ఉన్న తమిళనాడులో తేలింది. కార్తీక్ మురళీధరన్, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు కలిసి 320 అంగన్‌వాడీల్లో అధ్యయనం చేశారు. వాటిలో కొన్నింటికి, పూటపాటు కేవలం పిల్లల చదువు చూసుకోవడానికి ఇంకో మనిషిని ఇచ్చారు. చేసిన మార్పు అంతే. చదువు చెప్పే సమయం రెట్టింపయింది. ఏడాదిన్నర తర్వాత పిల్లలు లెక్కల్లోనూ భాషలోనూ స్పష్టంగా ముందుకొచ్చారు. ఇంకో మంచి సంగతేమిటంటే, పాత టీచర్‌కు పోషణ పనులు చూసుకునే తీరిక దొరికి, పిల్లల్లో తీవ్రమైన పోషకాహార లోపం కూడా తగ్గింది.

ఖరీదైన బొమ్మలు కూడా అక్కర్లేదు. మహారాష్ట్రలో తారాబాయి మోదక్, అనుతాయి వాఘ్ అనే ఇద్దరు విద్యావేత్తలు ఎనభై ఏళ్ల కిందటే ఇది చేసి చూపించారు. బడికి రాని పిల్లల కోసం వాళ్లే పేటలకు వెళ్లి, ఇళ్ల ముంగిళ్లలో కూర్చోబెట్టి నేర్పారు. గింజలు, ఆకులు, గులకరాళ్లే అక్కడి పాఠాల సామగ్రి. మన చింతగింజలు లెక్కలకు పనికిరావా? ఏజెన్సీలో కోయ, గోండి, సవర మాట్లాడే ఇళ్ల నుంచి వచ్చే పిల్లలకు మొదటి కథ వాళ్ల ఇంటి భాషలోనే చెప్పే మనిషి కూడా ఉండాలి. భాష అర్థంకాని చోట మూడేళ్ల పిల్ల నోరే విప్పదు.

కాబట్టి ఈసారి మీ ఊళ్లో గ్రామసభ జరిగినప్పుడు అంగన్‌వాడీ గురించి రెండు మాటలు అడగండి. గుడ్లు సరిగ్గా వస్తున్నాయా అని ఎలాగూ అడుగుతారు. దాంతోపాటు టీచరమ్మ రోజుకు ఎంతసేపు పిల్లలతో కూర్చోగలుగుతోందని అడగండి. ఆ సమయం మిగలాలంటే ఏ రాతపని తగ్గించాలో, ఎవరిని తోడు ఇవ్వాలో ఆవిడనే చెప్పమనండి. ఆ మాటను తీర్మానంలో రాయించండి.

నమస్కారం.