ఇల్లు అద్దెకిచ్చే ముందు

శ్రోతలకు నమస్కారం.

గేటుకి టులెట్ బోర్డు కట్టగానే ఇంటివాళ్లకు మొదలయ్యే ఆలోచన ఒకటే. పక్కింట్లో ఎంత వస్తోంది, మనం ఇంకో వెయ్యి అడగొచ్చా అని. అడగొచ్చు. కాకపోతే లెక్క చివరిదాకా వేయాలి. నెలనెలా 12,000 సరిగ్గా ఇస్తున్న కుటుంబాన్ని 13,000 ఇస్తేనే ఉండమన్నారనుకోండి. వాళ్లు ఖాళీ చేశాక ఇల్లు ఒక్క నెల తాళం పడి ఉంటే పోయేది 12,000. ఆ వెయ్యి ఏడాదంతా వసూలు చేసినా వచ్చేది అంతే. రంగులూ, బ్రోకర్ కమిషనూ అదనం. అదీ ఆషాఢంలో ఖాళీ అయిందంటే ఇల్లు చూడ్డానికి వచ్చేవాళ్లే తక్కువ. నన్నడిగితే, మంచి కుటుంబానికి పదో పరకో తగ్గించి ఇచ్చినా నష్టం లేదు.

మంచి కుటుంబమని ఎలా తెలుస్తుంది? ఇంట్లో ఏం వండుకుంటారని గుచ్చి గుచ్చి అడిగేవాళ్లు, ఎక్కడ పనిచేస్తారు, ఇంతకుముందు ఎవరింట్లో ఉన్నారు అని అడగడం మర్చిపోతారు. ఆ పాత ఇంటివాళ్లకు ఒక్క ఫోన్ చేస్తే సగం సంగతి తెలిసిపోతుంది. ఆధార్ కాపీ తీసుకోండి, పోలీస్ స్టేషన్‌లో వివరాలు ఇవ్వండి.

అగ్రిమెంటు 11 నెలలకు రాసుకోవడం మనకు అలవాటు. స్టాంపు పేపరు మీద సంతకాలైతే చాలనుకోకండి, రిజిస్ట్రేషన్ సంగతి ఒకసారి వకీలును అడగండి. ఎన్ని నెలల ముందు చెప్పి ఖాళీ చేయాలి, రంగుల ఖర్చు ఎవరిది, మోటారు కాలితే ఎవరు బాగు చేయించాలి, ఇవన్నీ అందులో ఉండాలి.

గొడవలు ఎక్కువగా వచ్చేది అడ్వాన్స్ తిరిగి ఇచ్చేటప్పుడు. హైదరాబాద్‌లో చాలాచోట్ల రెండు నెలల అద్దె తీసుకుంటారు. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా చట్టం కూడా నివాస గృహాలకు రెండు నెలలకు మించొద్దనే చెప్పింది. ఖాళీ చేసే రోజున వాష్ బేసిన్‌లో పగులు కనిపిస్తుంది. "మేం వచ్చేసరికే ఉందండీ" అంటారు వాళ్లు. "లేదమ్మా, కొత్తది పెట్టించాం" అంటారు వీళ్లు. ఎవరి మాట నిజమో తేల్చేదెవరు? తాళాలు ఇచ్చే రోజే ఇద్దరూ కలిసి ఇల్లంతా తిరిగి, ప్రతి కుళాయీ తిప్పి, ప్రతి స్విచ్చూ వేసి ఫోన్‌లో వీడియో తీసుకుంటే ఈ టెన్షన్ ఉండదు. మేకుల కన్నాలకూ, పాతబడిన సున్నానికీ అడ్వాన్స్ కోయడం మాత్రం న్యాయం కాదు. మనుషులు కాపురం ఉన్న ఇల్లు అది.

రెండు పోర్షన్లకు ఒకే కరెంటు మీటరు ఉంచకండి. యూనిట్లు కలిసి పై శ్లాబులోకి పోతే ఇద్దరికీ బిల్లు బరువే. తెలంగాణలో 2024 నుంచి అమలవుతున్న గృహజ్యోతి కింద అర్హులకు నెలకు 200 యూనిట్ల వరకు జీరో బిల్లు వస్తుంది. అద్దెకున్నవాళ్లకూ అది వర్తిస్తుంది. ఉమ్మడి మీటరు 200 దాటిందంటే ఆ నెల ఆ లాభం పోయినట్టే. అద్దె ఆలస్యమైందని కరెంటు తీసేయడం, నీళ్లు ఆపేయడం మాత్రం ఎప్పుడూ చేయకండి. తప్పు వాళ్లదైనా, కేసు మీ మీదికి వస్తుంది.

ఆదాయపు పన్ను సంగతి రెండు మాటల్లో. పాత పద్ధతిలో ఉన్నా, కొత్త పద్ధతిలో ఉన్నా, వచ్చిన అద్దెలోంచి మీరు కట్టిన ఇంటిపన్ను తీసేసి, మిగిలినదాంట్లో 30 శాతం మరమ్మతుల కింద మినహాయిస్తారు. రసీదులు చూపించక్కర్లేదు.

ఇల్లు అమెరికాలో ఉన్న అబ్బాయి పేరున ఉంటే కథ వేరు. యజమాని ఎన్నారై అయితే, అద్దె ఎంత తక్కువైనా అందులోంచి ముందుగానే పన్ను (టీడీఎస్ అంటారు) కోసి ప్రభుత్వానికి కట్టాల్సింది అద్దెకున్నవాళ్లే. చాలామందికి ఈ సంగతి నోటీసు వచ్చాకే తెలుస్తుంది. అమ్మానాన్నలు ఇక్కడుండి ఇల్లు చూపిస్తున్నా సరే, యజమాని ఎవరో, ఎక్కడుంటారో అడ్వాన్స్ తీసుకోకముందే చెప్పేయండి.